ఒకటే డిస్కు మీద కాపురం

మా అన్నయ్య రక్తపరీక్షల ల్యాబులో నేను భాగస్వామిని. తొమ్మిదేళ్లుగా నా భాగస్వామ్యమల్లా ఆయన వేలు పెట్టిన చోట సంతకం పెట్టడమే. కింద ల్యాబు, పైన మా కాపురం. ఇల్లు అన్నయ్యది; ఆయనా వదినా వేరే వీధిలో ఉంటారు. ల్యాబులో కంప్యూటర్లు చూసేది మా ఆయన కనుక ఆ ఉద్యోగమూ అన్నయ్య చేతిదే.

ఆ ఉదయం అన్నయ్య కొత్త సర్వరు ఆర్డరు కాగితం పట్టుకుని పైకొచ్చాడు.

"అమ్మాయ్, ఇక్కడో సంతకం పడెయ్. దుకాణంవాడు పదింటికల్లా కావాలన్నాడు."

మా ఆయన తింటున్నవాడల్లా లేచాడు. "బావగారూ, ఆ సర్వరులో మీరు వేయిస్తున్న పెద్ద డిస్కు కెమెరా రికార్డింగులు దాచుకోడానికి చేసింది. రిపోర్టులన్నీ ఉండే మన డేటాబేసుకి పనికిరాదు. వేగంగా పనిచేసే చిన్నవి నాలుగు తీసుకుందాం. జంటలుగా పెడితే ఒకటి పాడైనా రెండోదాంట్లో రిపోర్టులు భద్రంగా ఉంటాయి."

"ఆ నాలుగింట్లో పట్టేదంతా ఈ ఒక్కదాంట్లో పట్టి ఇంకా మిగుల్తుందయ్యా!"

"చోటు సంగతి కాదండీ. కింద ఆరు కౌంటర్లు ఒకేసారి రిపోర్టులు అడుగుతాయి. ఇది ఒక్కొక్కదానికే జవాబిస్తుంది."

"అడగనీ. వరసలో నిలబడతాయి."

నేను స్నానాలగది వైపు చూశాను. లోపల మా అమ్మాయి, తలుపు దగ్గర తువ్వాలుతో మా అత్తగారు, ఆవిడ వెనక సబ్బు పెట్టెతో మా మామగారు.

"మన స్నానాలగదిలో పదిమంది పడతారు అన్నయ్యా. అయినా వరస చూడు."

అన్నయ్య నవ్వాడు. "నీకెందుకే ఈ గొడవలు? బావా, ఇష్టం లేకపోతే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటా. ఉంటే మాత్రం, రేపు రిపోర్టులు పోతే జవాబు చెప్పాల్సింది నువ్వే."

మా ఆయన కూర్చున్నాడు. అడకత్తెరలో పోకచెక్క కనీసం కటుక్కుమంటుంది. ఈయన తల దించుకుని మళ్లీ తినడం మొదలెట్టాడు.

సంతకం పెట్టకపోతే ఉద్యోగం, ఇల్లు ఒకేసారి పోతాయి. పెడితే, డిస్కు పాడైన రోజున రోగుల రిపోర్టులు, ఈయన పేరు ఒకేసారి పోతాయి. మా బతుకంతా ఒకటే డిస్కు మీద ఉందని అప్పుడు తెలిసింది. దానికి జంట లేదు.

కలం తీసుకున్నాను. సంతకం పైన చిన్న అక్షరాలతో రాశాను: "ఈ డిస్కు వద్దని కంప్యూటర్లు చూసేవారు చెప్పారు. పెద్ద భాగస్వామి మాట ప్రకారం కొంటున్నాం." కింద సంతకం పెట్టి, ఫోనుతో ఫొటో తీశాను.

"ఫొటో ఎందుకే?"

"భాగస్వామిని కదా, మురిపెం."

తొమ్మిదేళ్లుగా నేను చదవకుండా సంతకాలు పెట్టాను కనుక, నేనేదో రాసి ఉంటానని అన్నయ్యకి తోచలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు.

వారానికల్లా డిస్కు వచ్చింది. దాని గొణుగుడు మా వంటింటి గచ్చు దాకా వినిపిస్తుంది. ఆ గొణుగుడు కాస్త మారితే చాలు, మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. ఆడపడుచు ఇంటికి ప్రయాణం మానుకున్నాం. డిస్కుని ఒంటరిగా వదిలి వెళ్లకూడదట. పసిపిల్ల నయం, చంకనేసుకుని పోవచ్చు.

నిన్న భోజనాల దగ్గర అడిగాడు. "ఆ ఫొటో జాగ్రత్తగా ఉందా?"

"నా ఫోనులో ఉంది."

"ఒక్క చోటేనా? ఇన్నాళ్లూ నేను చెప్పిందేంటి? నకలు ఇంకో ఇంట్లో ఉండాలి."

"ఉందిగా. ఆ రోజే మా వదినకి పంపాను."

అన్నయ్య భయపడేది లోకంలో ఆవిడొక్కతికే. మా ఆయన ఎన్నాళ్లకో పగలబడి నవ్వాడు. అంతలో కింద గొణుగుడు మారింది. నవ్వు సగంలో ఆపి, తల వంచి వినసాగాడు. నేనూ గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాను.