చివరగా కూర్చునేవాడు

కారెక్కిన ప్రతివాడూ ముందు చెక్కని చూస్తాడు, తర్వాత తోలు మీద కూర్చుంటాడు. పెద్దల్లుడి కడుపుమంట అంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

అతను ఇరవై మూడేళ్లుగా ఒక ఖరీదైన కార్ల కంపెనీలో సీట్లకు తోలు కుడుతున్నాడు. మిషను మీద కాదు, చేత్తో, రెండు సూదులతో. ఒక్క కారు సీట్లకు తొమ్మిది రోజులు పడుతుంది. అదే షెడ్డులో, అద్దాల గోడకి అవతల, కారు తలుపుల లోపలివైపు చెక్క పని చేసేవాడు అతని తోడల్లుడు. పెళ్ళాం చెల్లెలి మొగుడు. పదహారేళ్ల కిందట పని లేక తిరుగుతుంటే జాలిపడి, మేనేజరుని కాళ్లావేళ్లా పడి పనిలో పెట్టించింది పెద్దల్లుడే. ఏకై వచ్చి మేకైనాడని అప్పట్నుంచీ లోపల అనుకుంటూనే ఉన్నాడు. పైకి అనడానికి లేదు. ఎందుకంటే ఆ చిన్నల్లుడు నోరు విప్పితే ముందు "అన్నయ్యా" అనే వస్తుంది. తిట్టడానికి సందివ్వని మనిషిని భరించడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఒకసారి పత్రికవాళ్లు వచ్చి చిన్నల్లుడి చేతులను ఫొటో తీసుకుపోయారు. అత్తగారు ఆ కాగితం కత్తిరించి, ఫ్రేము కట్టించి, హాల్లో తగిలించింది. సరిగ్గా పెద్దల్లుడు కూర్చునే కుర్చీకి ఎదురుగా.

"మా చిన్నల్లుడి చేతిలో కళ ఉందమ్మా" అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. ఒకసారి ఎవరో పెద్దల్లుడి సంగతి కూడా అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "పెద్దాయన వేళకి ఇంటికొస్తాడు" అంది. ఆ మాట అతనికి పదేళ్లైనా అరగలేదు.

ఇంతలో కంపెనీకే నూకలు చెల్లే రోజులొచ్చాయి. ఒకప్పుడు ఆ కారు కావాలంటే కోటీశ్వరుడైనా రెండేళ్లు ఆగాలి. ఇప్పుడు తయారైన కార్లే గుడ్డలు కప్పుకుని ఏడాదిగా పెరట్లో ఎదురుచూస్తున్నాయి. కొనే ముసలాళ్లు పోతున్నారు, వాళ్ల పిల్లలకేమో శబ్దం లేని బ్యాటరీ కారూ, అందులో గోడంత తెరా కావాలి. క్యాంటీను మూసేశారు. షెడ్డులో సగం లైట్లు తీసేశారు. చిన్నల్లుడి కింద నలుగురు ఉండేవాళ్లు, నలుగురినీ పంపేశారు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు గానీ, ఈ ఏనుగుకి ఆ వెయ్యి ఇచ్చేవాడే కనబడలేదు.

చివరికి ఒక బ్యాటరీ కార్ల కంపెనీ ముందుకొచ్చింది. పేరు కొంటుంది, షెడ్డు కొంటుంది. కానీ చేతిపని విభాగాల్లో ఒక్కదాన్నే ఉంచుకుంటుందట. తోలో, చెక్కో. గురువారం వాళ్ల ఇంజనీరు వస్తుంది, కొత్తగా పూర్తయిన కారు చూస్తుంది, అక్కడికక్కడే తేలుస్తుంది.

ఆ కబురు విన్న సాయంత్రం చిన్నల్లుడు అద్దాల గోడ చుట్టూ తిరిగి వచ్చాడు.

"అన్నయ్యా, నిన్నే ఉంచుకోవాలని కోరుకుంటున్నా. నీకు ఈ వయసులో ఇంకోచోట పనెవరిస్తారు చెప్పు? నేనైతే ఎక్కడో ఒకచోట కుర్చీలూ బల్లలూ చేసుకు బతుకుతా."

మంచి మాటే. కానీ పెద్దల్లుడికి పుండు మీద కారం చల్లినట్టయింది. వీడు నాకు దానం చేస్తున్నాడా? పదహారేళ్ల కిందట నేను పెట్టిన భిక్ష వీడు నాకు తిరిగి పెడుతున్నాడా? "సరేలే, చూద్దాం" అని మాత్రం అన్నాడు.

ఆ కంపెనీలో మొదట్నుంచీ ఒక పద్ధతి ఉంది. కారు షెడ్డు దాటే ముందు, అన్ని పనులూ అయ్యాక, సీట్లు కుట్టినవాడు వాచీ, బెల్టూ, చెప్పులూ తీసేసి, తలుపులన్నీ మూయించి, వెనక సీటు మధ్యలో పావుగంట కూర్చోవాలి. కుడి తలుపూ ఎడమ తలుపూ ఒకేసారి కళ్లబడేది అక్కడ కూర్చున్నవాడికే. చెక్కవాళ్లకి అవి బల్ల మీద విడివిడిగానే కనబడతాయి. పావుగంటయ్యాక దిగి, "లోపల అంతా చూశాను, లోటు లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టాలి. పెద్దల్లుడు అలా కొన్ని వందల సంతకాలు పెట్టాడు. ఆ కాగితంలో ఏముందో చదవడం మానేసి చాలా ఏళ్లయింది.

బుధవారం మధ్యాహ్నం అతను ఆ కారులో కూర్చున్నాడు. ముందు తన కుట్లు చూసుకున్నాడు, వంక పెట్టడానికి లేదు. తర్వాత తలెత్తాడు.

ఆ తలుపులకు వాడే చెక్కని ఒకే దుంగ నుంచి పల్చటి పొరలుగా తీస్తారు. పక్కపక్క పొరల్ని పుస్తకం విప్పినట్టు విప్పి, ఒకటి కుడి తలుపుకీ ఒకటి ఎడమ తలుపుకీ అతికిస్తారు. అద్దంలో చూసుకున్నట్టు రెండువైపులా గీతలు కలవాలి. ఎడమ తలుపు మీద చిన్న ముడి ఒకటుంది, కందిగింజంత. కుడివైపు కూడా అదే ఎత్తులో ఉండాలి. అది బొటనవేలి వెడల్పంత కిందికి ఉంది. నలుగురి పని ఒక్కడే చేస్తూ, చిన్నల్లుడు పక్క దుంగలోని పొర తీసి అతికించేశాడు.

పెద్దల్లుడి గుండె ఝల్లుమంది. అది దిగులు కాదు, సంతోషం. పదహారేళ్లలో వాడు తప్పు చేయగా చూడటం ఇదే మొదటిసారి. ఆ ముడిని ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. చెబితే సాయంత్రానికల్లా వాడు మార్చేస్తాడు, ఆ చేతికి అదో లెక్క కాదు. చెప్పకపోతే? నేనేం పాడు చేశానా, నేనేం గీకానా, నోరు మూసుకోవడం నేరమా అని తనకు తానే న్యాయం చెప్పుకున్నాడు. పావుగంటయ్యాక దిగి, అలవాటుగా సంతకం గీకి, ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాడు. "ఏంటి విశేషం, ఇవాళ రెండోసారి వడ్డించుకున్నారు?" అంది పెళ్ళాం. "ఆకలేసింది" అన్నాడు.

గురువారం ఇంజనీరు వచ్చింది. పొట్టి జుట్టు, చేతిలో చిన్న నోటుపుస్తకం, ఎక్కువ మాట్లాడని మనిషి. ముందు తలుపు తీసి చెక్క మీద చెయ్యి వేసింది. "అబ్బ, ఎంత బాగుంది!" అంది. ఇదిగో, మళ్లీ అదే! పెద్దల్లుడికి ఒళ్లు మండిపోయింది. ఆగలేకపోయాడు.

"మేడమ్, వెనక సీటు మధ్యలో కూర్చోండి. అక్కణ్నుంచైతే అన్నీ బాగా తెలుస్తాయి" అన్నాడు, ఎంతో వినయంగా.

ఆవిడ కూర్చుంది. తలుపులు అతనే మూశాడు. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి. కిటికీ అద్దం కిందికి దిగింది.

"కుడి తలుపు చెక్క వేరే దుంగది. ఎవరూ చూడలేదా?"

అద్దాల గోడ దగ్గర నిలబడ్డ చిన్నల్లుడు వచ్చి వంగి చూశాడు. ముఖంలో నెత్తురు లేదు. పెద్దల్లుడు ఆ ముఖం చూసి తృప్తి పడేలోపే ఆవిడ రెండో ప్రశ్న వేసింది.

"చివరగా కూర్చుని చూసేవాళ్లు ఉంటారటగా? ఆ కాగితం తెప్పించండి."

సూపర్‌వైజరు కాగితం తెచ్చాడు. ఆవిడ పైకే చదివింది. లోపల అంతా చూశాను, లోటు లేదు. కింద పెద్దల్లుడి సంతకం.

తను తవ్విన గోతి ఎంత లోతో అతనికి అప్పుడు తెలిసింది. అంతా చూశాను. తోలు చూశాను అని లేదు, అంతా అని ఉంది. ఇరవై మూడేళ్ల ఉద్యోగం ఆవిడ రెండు వేళ్ల మధ్య ఊగుతోంది.

"అన్నయ్య తప్పు లేదు మేడమ్" అన్నాడు చిన్నల్లుడు. "ఆయన సంతకం పెట్టాక నేనే ఆ పలక మార్చాను. పాతదానికి చిన్న గీత పడిందని. ఆయన చూసినప్పుడు సరిగ్గానే ఉంది."

పచ్చి అబద్ధం. షెడ్డులో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. పెద్దల్లుడు నోరు తెరవచ్చు. తెరవలేదు. నిన్న ఒకసారి మూసుకున్న నోరు, ఇవాళ ఇంకా సులువుగా మూసుకుంది.

ఆవిడ నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. "తోలు ఉంటుంది. చెక్క ఆపేస్తాం" అని చెప్పి వెళ్లిపోయింది.

అందరూ వచ్చి పెద్దల్లుడి భుజం తట్టారు. ఇన్నేళ్లుగా కోరుకున్నది చేతికందింది, కానీ అదీ వాడి చేత్తో అందించిందే. ఇంట్లో సంగతి తెలిసి అత్తగారు కళ్లొత్తుకుంది. "చిన్నాడు దేవుడమ్మా, తప్పు తనదేనని ఒప్పుకుని, పెద్దాయన పరువు కాపాడి తన పొట్ట కొట్టుకున్నాడు" అంది. ఉద్యోగం పోయినా మెప్పు వాడికే! పెద్దల్లుడు ఫొటోకేసి చూడకుండా అన్నం తిని లేచాడు. వాడి చేతి మీద అసూయ పడ్డాను, చాలదన్నట్టు ఇప్పుడు వాడి మంచితనం మీద కూడా పడాలి కాబోలు అనుకున్నాడు.

శనివారం చిన్నల్లుడు తన ఉలులూ, రంపాలూ గుడ్డలో చుట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"అన్నయ్యా, ఒక మాట చెబుతా, ఏమీ అనుకోకు. నీ చూపు తగ్గింది. లేకపోతే అంత తేడా నీ కంటికి ఆనకపోవడమా? వాళ్లకి తెలిస్తే నిన్నూ పంపేస్తారని అలా అన్నాను. రేపు కళ్లద్దాల షాపుకి వెళ్దాం. నేను తీసుకెళ్తా."

పెద్దల్లుడు అతని ముఖంలోకి చూశాడు. ఎకసెక్కెం లేదు. వాడు నిజంగానే నమ్మాడు.

"అవును, ఈమధ్య కాస్త మసగ్గా ఉంటోంది" అన్నాడు. అనగానే ప్రాణం తేలికపడింది. మూడు వరసలు చదివి నాలుగో దాంట్లో తడబడితే సరిపోతుంది, ఏదో ఒక అద్దం ముక్క ముక్కు మీద పెట్టుకు తిరిగితే ఈ కథ ముగిసిపోతుంది.

షాపులో గోడకి అక్షరాల బోర్డు ఉంది. పైన పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి, మొత్తం ఎనిమిది వరసలు. "ఎలాగూ వచ్చాను, నాకూ చూడండి" అని చిన్నల్లుడే ముందు కూర్చున్నాడు. గడగడా ఏడు వరసలు చదివాడు. ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయాడు.

"ఈ వయసులో ఏడో వరసా! ఈ షాపులో ఇంత మంచి చూపు నేను చూళ్లేదండీ" అంది పరీక్ష చేసే అమ్మాయి. "మీరు చేసేది కళకి సంబంధించిన పనా?"

పెద్దల్లుడు వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మొదటి మూడు వరసలు చదివాడు. నాలుగో దాని దగ్గర తడబడాలి. అదే అనుకున్నాడు, అదే చేయబోయాడు. కానీ చెవుల్లో ఆ అమ్మాయి మాట ఇంకా మోగుతోంది. ఏడో వరసట! పెద్ద గొప్ప! నాలుగు చదివాడు, ఐదు చదివాడు. ఆరూ, ఏడూ గుక్కతిప్పుకోకుండా అయిపోయాయి. ఎనిమిదో వరస ఒక్కొక్క అక్షరం నొక్కి నొక్కి చదివాడు. అక్కడా ఆగలేదు. బోర్డు అంచున చీమ తలకాయంత అచ్చులో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాడు.

"మీకు అద్దాలెందుకండీ!" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

పెద్దల్లుడు గర్వంగా పక్కకి తిరిగాడు. చిన్నల్లుడు బోర్డుకేసి చూడటం లేదు, అతనికేసి చూస్తున్నాడు. ఆ ముఖం అలా మారడం పదహారేళ్లలో ఎప్పుడూ చూడలేదు. అప్పుడు గానీ తను చదివిందేమిటో పెద్దల్లుడికి తెలియలేదు.

"అయితే ఆ ముడి కనబడింది" అన్నాడు చిన్నల్లుడు.

తను కూర్చున్న పక్క కుర్చీలోంచి లేచి, తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఆ మాటకి ముందు గానీ వెనక గానీ, అన్నయ్యా అన్న పిలుపు లేదు.