కొలంబోలో నిలిపి పెడతారు

తమిళనాడు ధర్మపురిలో బస్టాండుకు ఎదురు సందులో ఉన్న దేవరాజన్ టికెట్ల కొట్టుకు ఒక పేరుంది. అక్కడ రాహుకాలం చూసి విమానం టికెట్ వేస్తారు. కంప్యూటరు పక్కనే గోడకు రోజుకొక కాగితం చించే క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. సింగపూరు పోయే కొత్త కోడలికైనా, దుబాయి పోయే మేస్త్రీకైనా ముందు క్యాలెండరు, తర్వాతే కంప్యూటరు. ఇరవై రెండేళ్లలో ఒక్క మనిషిని కూడా రాహుకాలంలో గాలిలోకి లేపలేదని దేవరాజన్ గొప్పగా చెప్పుకుంటాడు. చెప్పుకోనీ, ఎవరి గొప్ప వాళ్లది. అయితే ఆ బుధవారం గాలిలోకి లేవాల్సింది అతని సొంత అక్క.

కాంతామణికి అరవై రెండేళ్లు. పెరియంపట్టిలో చేమంతి తోట, టమోటా మడి ఆమె చేతి మీదే నడుస్తాయి. పోయిన ఏడాది ఒకనాడు ఎడమ పిక్క గట్టిపడింది. పని ఎక్కువై పట్టేసిందనుకుని నూనె రాసుకుంది. తీరా చూస్తే లోపల రక్తం గడ్డకట్టింది. సేలం ఆసుపత్రిలో పదకొండు రోజులు పడుకోబెట్టారు. కాళ్లు వేలాడేసి గంటల తరబడి కూర్చోవద్దనీ, ఈసారి గడ్డ కడితే అది కాలిలోనే ఉండిపోదనీ, ఊపిరితిత్తుల దాకా పోతుందనీ డాక్టరు దేవరాజన్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. అక్కకు చెప్పు అని కూడా అన్నాడు. దేవరాజన్ సగం చెప్పాడు. భయపడుతుందని మిగతా సగం తనలోనే దాచుకున్నాడు.

అలాంటి సమయంలో మెల్‌బోర్న్ నుంచి దర్శిని ఫోన్ చేసింది. దర్శిని వీళ్ల చెల్లెలు షర్మిళ కూతురు. అమ్మ ఆదివారం దాటదంటున్నారు మామా అని ఏడ్చింది. దర్శిని కాన్పుకని వెళ్లొచ్చినప్పటి వీసా కాంతామణికి ఇంకా ఉంది. దేవరాజన్‌కు లేదు.

"పడుకొని పోయే సీటు ఉంటుందంట కదరా దేవా," అంది కాంతామణి. "అట్లయితే నేను పోతాను. షర్మిళను నేనెత్తుకొని పెంచినాను. నన్ను చూడకుండా పోతుందా అది?"

బెంగుళూరు నుంచి మెల్‌బోర్న్‌కు బిజినెస్ క్లాసు ధర చూస్తే దేవరాజన్‌కు కళ్లు తిరిగాయి. కానీ ఆ వ్యాపారంలో పండినవాడు కదా. కొలంబో నుంచి ఎక్కితే అలాంటి పడక సీటే సగం ధరకు దొరుకుతుంది. బెంగుళూరు నుంచి కొలంబోకు వేరే కంపెనీలో మామూలు టికెట్ ఒకటి, అక్కడి నుంచి పడక సీటు టికెట్ ఇంకొకటి. ఇందులో ఉన్నది ఒకటే తిరకాసు. రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి ఏ బాధ్యతా ఉండదు. ఆ మనిషి దారిలో ఉందని కూడా వాళ్లకు తెలియదు.

ఆ తిరకాసుకు మందు కూడా అతనికి తెలుసు. మొదటి విమానం బాగా ముందుగా ఎక్కించాలి. పన్నెండు ఇరవైకి ఒకటి ఉంది. అది ఎక్కితే కొలంబోలో నాలుగు గంటలు తీరికగా ఉండొచ్చు. చెయ్యి దాని మీదికి పోయి ఆగింది. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర. ఊళ్లో వాళ్లందరికీ చూసి, చావు బతుకుల్లో ఉన్న చెల్లెలి దగ్గరికి అక్కను రాహుకాలంలో పంపడమా? అక్క అడగనైనా అడగలేదు. ఇతనే రెండు పది విమానానికి టికెట్ వేశాడు. మూడు ముప్పై ఐదుకు కొలంబో, నాలుగు నలభైకి అక్కడ కౌంటరు మూస్తారు, ఐదు నలభైకి మెల్‌బోర్న్ విమానం. సరిపోతుందిలే అనుకున్నాడు.

బుధవారం పొద్దున ఆరున్నరకు, యమగండం రాకముందే, కారు ఎక్కించేటప్పుడు కాంతామణి ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇది లేటయితే అది నిలుస్తుందారా?"

"నిలిపి పెడతారక్కా. పెద్ద టికెట్ కదా. నీ కోసం నిలిపి పెడతారు."

నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఎదుటివాళ్ల కంగారు తగ్గించడానికి రోజుకు పదిసార్లు ఏదో ఒకటి చెప్పి అలవాటైన నోరు అది.

పన్నెండు ఇరవై విమానం నిమిషం తేడా లేకుండా లేచిపోయింది. దేవరాజన్ దాన్ని తెరమీద చూశాడు. ఒంటిగంట దాటాక రెండు పది విమానం రెండు నలభైకి మారింది. కాసేపటికి మూడు అయింది. వచ్చినవాళ్లను రేపు రమ్మని పంపేసి కొట్టు తలుపు సగం వేశాడు.

కాంతామణే ఫోన్ చేసింది.

"లేటంట దేవా. పక్కనున్నోళ్లు కూతలు పెడతా ఉండారు. నేను మాత్రం నెమ్మదిగా ఉండాను. కొలంబోలో నిలిపి పెడతారని నువ్వు చెప్పినావు కదా."

అప్పుడైనా చెప్పవచ్చు. అక్కా, ఎక్కవద్దు, ఇంకో దారి చూస్తాను అనవచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అది చెబితే పొద్దుటి మాట అబద్ధమని ఒప్పుకోవాలి.

"కవల పడాకు అక్కా, దిగులొద్దు," అన్నాడు.

విమానం మూడు పదికి లేచి నాలుగు ముప్పై ఐదుకు దిగింది. కౌంటరు మూయడానికి ఐదు నిమిషాలుంది. దేవరాజన్ తెర ముందు నుంచి కదలలేదు. ఐదుంపావుకు ఫోన్ మోగింది.

"దేవా, నిలిపి పెట్టినార్రా, నువ్వు చెప్పినట్టే." కాంతామణి రొప్పుతోంది. "చక్రాల కుర్చీ రాలేదు. అంత దూరమూ పరిగెత్తినాను. ఇక్కడ తమిళం మాట్లాడే పాప ఉండాది, మంచి పాప, కౌంటరు మూసేసినా నా మాట వినింది. పడక సీటు మాత్రం ఇంకెవరికో ఇచ్చేసినారంట, నేను లేటని. వెనకాల నడిమి సీటు ఒకటే ఉండాదంట. పోతావా, నిలుస్తావా అని అడగతా ఉండాది. పడక సీటు కావాలంటే శనివారం దాకా లేదంట."

"కూర్చొనే సీటా అక్కా?"

"ఆమా, కూర్చొనేదే. పదిన్నర గంటలు. శనివారం దాకా నిలిస్తే షర్మిళ ఉంటుందో ఉండదో. నువ్వే చెప్పురా. నీకు తెలిసిన పని కదా ఇది."

సేలం డాక్టరు చెప్పిన రెండో సగం దేవరాజన్‌కు గుర్తుకొచ్చింది. వద్దంటే షర్మిళ ముఖం అక్కకు దక్కదు. జన్మంతా ఆ నింద తనదే. పో అంటే ఏమవుతుందో తలుచుకోవడానికే అతనికి ధైర్యం లేదు. నిజం చెప్పి ఆమెనే తేల్చుకోమనడం ఒక్కటే న్యాయం. ఆ పని చేయలేకపోయాడు.

"పో అక్కా," అన్నాడు. "గంటకొకసారి లేచి నడువు. నీళ్లు తాగతా ఉండు."

"సరే. గడియ ఎట్లుండాది?"

అతను క్యాలెండరు వైపు చూశాడు. నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా నల్లనేరం, అంటే మంచి సమయం, అని తమిళంలో అచ్చు వేసి ఉంది.

"మంచి గడియే అక్కా."

ఫోన్ పెట్టేశాడు. బయట కంబైనల్లూరు బస్సు కోసం జనం తోసుకుంటున్నారు. ఐదు ముప్పై మూడుకు వాట్సాప్‌లో అక్క గొంతు వచ్చింది. కాంతామణికి రాయడం రాదు, ఏదైనా మాటలోనే పంపుతుంది.

"దేవా, కూర్చున్నాను. ఇరుకుగా ఉండాది, అయినా పరవాలేదు. ఎడమ పిక్క కొంచెం గట్టిపడినట్టుండాది. పరిగెత్తినాను కదా, పట్టేసింది. చెప్పు విడిచి పెట్టినాను. ఫోను ఆపమంటా ఉండారు. తమ్ముడు చెప్పినట్టే అంతా జరిగిందని షర్మిళకు చెప్తాను."

పిక్క గట్టిపడినట్టుండాది. పోయిన ఏడాది కూడా అచ్చం ఇదే మాట అంది. దేవరాజన్ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అరిచినట్టే మాట్లాడాడు.

"అక్కా, దిగిపో. నేను అబద్ధం చెప్పినాను. వాళ్లు నిలిపి పెట్టేది లేదు, నాకు ముందే తెలుసు. ఆ కాలితో కూర్చోవద్దు. గడ్డ కడితే ఊపిరికి వస్తుందని డాక్టరు చెప్పినాడు, నీకు నేను చెప్పలేదు. దిగి ఆ పాపకు చెప్పు. దిగు అక్కా."

ఒక టిక్ పడింది, మాట చేరినట్టు రెండోది పడలేదు. కాల్ చేస్తే ఫోన్ ఆపి ఉందని వచ్చింది. టికెట్ మీదున్న నెంబరుకు కొడితే పాట వినిపిస్తూ ఉంది, మనిషి రాలేదు. పాట మూడోసారి మొదలయ్యేసరికి తెర మీద చిన్న విమానం బొమ్మ కదిలింది.

నిమిషం కూడా ఆలస్యం లేకుండా ఐదు నలభైకే బయలుదేరింది. చూస్తుండగానే అది కొలంబో ఒడ్డు దాటి నీలం రంగులోకి పోయింది. చేరడానికి పది గంటల పన్నెండు నిమిషాలు అని చూపిస్తోంది. దేవరాజన్ ఫోన్ తీసి చూశాడు. అతని మాట పక్కన ఇంకా ఒక టిక్కే ఉంది.