ఇంటికో ఓటీపీ

"ఏయ్‌కి నిధులొచ్చినాయంట!" అని పెంచలమ్మ వీధిలోకి వెళ్లి కేక పెట్టేసరికి, చేపలు కోస్తున్న ఆడవాళ్ల చేతుల్లో కత్తులు ఆగిపోయాయి.

తప్పు పెంచలమ్మది కాదు, స్పీకరుది. నెల్లూరు నుంచి డాక్టర్ ఉషారాణి ఫోన్ చేసినప్పుడు కోడలు రోజారమణి రెండు చేతులూ రొయ్యల పొట్టులో ఉన్నాయి. ఫోను స్పీకరులో పెట్టి నేలమీద ఉంచింది. "ఏఐకి నిధులు మంజూరయ్యాయి, ఇక మీ ఊరి డేటా ఒక్కటే కావాలి" అంది డాక్టరమ్మ. ఏఐ ఎవరో పెంచలమ్మకు తెలియదు. ఏయ్ ఎవరో బాగా తెలుసు. ఇరవై రెండేళ్లుగా కొడుకు మాల్యాద్రి పెళ్లాన్ని పిలిచే పేరు అదే. ఏయ్, టీ. ఏయ్, చొక్కా. ఏయ్, యాడుండావ్. అలాంటి ఏయ్‌కి నెల్లూరు నుంచి నిధులొస్తే ముసలమ్మ నోరు మూసుకుని ఎలా ఉంటుంది!

రోజారమణి సర్దిచెప్పబోయి ఆగింది. ఒక్కపూటైనా ఏయ్‌కి విలువ ఉండనీ అనుకుని నవ్వుకుంది.

తడ దాటి పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరికి రోజారమణి ఆశా కార్యకర్త. పదకొండేళ్ల నుంచి ముప్పై ఎనిమిది ఇళ్ల ఆడవాళ్ల బీపీ, సుగరు చూసి రాస్తోంది. ప్రభుత్వం ఇచ్చిన రిజిస్టరులో అంకెలకే గళ్లున్నాయి. మిగతావి రాయడానికి ఆమె సొంతంగా లాంగ్‌నోట్సులు కొనుక్కుంది. వంటయ్యాక, గిన్నెలు తోమాక, అత్త కాళ్లకు నూనె రాశాక, అందరి పనీ అయిపోయాక మిగిలే కొసరు టైములో రాసేది. ఉప్పుచేపలు ఎండబెట్టే వారం ఎవరి బీపీ ఎంత ఎక్కిందో, మాత్రలు సగం సగం చేసి ఎవరు మింగుతున్నారో, ఎవరి మొగుడు తాగొచ్చిన రాత్రి ఎవరికి నిద్ర లేదో, అన్నీ. "ఆ పుస్తకాలు పులుసు పెడితే కడుపు నిండుద్దా?" అని మాల్యాద్రి ఎన్నిసార్లు అన్నాడో మాత్రం రాయలేదు. అంత లావు పుస్తకం అంగట్లో దొరకలేదు. మనిషి చెడ్డవాడు కాడు. పెద్ద చేప పడితే నడుం ముక్క పెళ్లానికి దాచిపెట్టేవాడు. దాచి, "ఏయ్, ఇది నీకు" అనేవాడు.

మర్నాడు పొద్దున ఉషారాణి కారులో దిగింది. బీపీ, సుగరు చూసి ఎవరి కిడ్నీకి ముప్పుందో ఏళ్ల ముందే చెప్పే కంప్యూటరు తయారు చేస్తున్నామని చెప్పింది. అంకెలు ఆసుపత్రుల దగ్గర బోలెడున్నాయి, కానీ మనిషి ఎలా బతుకుతోందో రాసిన కాగితం రోజారమణి దగ్గర తప్ప ఎక్కడా లేదంది. కంప్యూటర్ల గదికి ఏసీ కూడా మంజూరైందని మురిసిపోయింది.

"బాగుండాది మేడం. ఏఐకి ఏసీ, ఆశాకి ఆశ" అంది రోజారమణి.

ఉషారాణి పగలబడి నవ్వి, నవ్వుతూనే తల దించుకుంది. "నిజమేనండీ. ఖర్చుల పట్టీలో మీకూ జీతం గడి పెట్టమని రాశాను, కొట్టేశారు. మళ్లీ రాస్తాను."

పని మొదలైంది. పుస్తకాల్లో ఇంటికొక ఆడమనిషి పేజీ. దాన్ని ఇవ్వడానికి ఆమె ఒప్పుకున్నట్టు గుర్తుగా ఆమె ఆరోగ్య కార్డులోని నంబరుకు ఓటీపీ వెళ్తుంది, ఆ అంకె ట్యాబులో కొడితే చాలు. మూడు రోజుల్లో ముప్పై ఎనిమిదీ రాకపోతే నిధులు వేరే ఊరికి పోతాయి. ఉషారాణి బటన్ నొక్కింది. ఊళ్లో ఒక్క ఫోనూ మోగలేదు.

మోగినవి సరస్సులో. ఆరోగ్య కార్డులన్నిటికీ మొగుళ్లవో కొడుకులవో నంబర్లే ఇచ్చి ఉన్నారు మరి. కాసేపటికి పడవలోంచి మాల్యాద్రి ఫోన్. "డాక్టరమ్మా, ముప్పై ఎనిమిదీ వచ్చినాయి. అందరినీ అడిగి రాసిపెట్టినా. చెప్తా, కొట్టుకో. మా అమ్మది మొదలు."

పులికాట్‌లో ఏ రోజు ఎవరు ఎక్కడ వల వెయ్యాలో చీటీలేసి తేల్చే వంతులకు పాడు అని పేరు. ఇంటికొక మగవాడి పేరే చీటీలో ఉంటుంది, ఆ ఇంటి మాట అతనిదే. పేరు పాడే గానీ పద్ధతి మంచిది, తగవుల్లేవు. ఆ అలవాటున మగవాళ్లు ఓటీపీలనూ పాడు చీటీల్లాగే పంచుకుని, ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ల తరఫున పావుగంటలో సరే అనేశారు. వలలో చేప పడకముందే.

ఉషారాణి ముఖం వెలిగిపోయింది. రోజారమణి మాత్రం లేచి, పుస్తకాలున్న ట్రంకుపెట్టె మీద కూర్చుంది. తాగొచ్చిన రాత్రి గురించి చెప్పింది పెళ్లాం. దాన్ని ఇచ్చెయ్యమంటున్నది తాగొచ్చినవాడు. ఈ మాటలు ఆడవాళ్లు తలుపు దగ్గరగా వేసి నాకు చెప్పుకున్నవే గదా, నా చెవిని వీళ్లకెవడిచ్చాడని దానం చేస్తున్నారు అనుకుంది. ఇరవై రెండేళ్లలో తన తరఫున ఎన్ని సరేలు వెళ్లిపోయాయో లెక్కేసుకోబోయి, మానేసింది.

"అవి కొట్టొద్దు మేడం."

"రోజారమణిగారూ, మూడు రోజులే..."

"ముప్పై ఎనిమిది గడపలు నాకు ఒక్క పూట పని. పదకొండేళ్లుగా తిరగతానే ఉండా. ఆడోళ్లు చెప్పిందే పంపిద్దాం, మగోళ్లు చెప్పింది వద్దు."

ఉషారాణి ట్యాబు పక్కన పెట్టింది. "నేనే అడిగి ఉండాల్సింది" అంది మెల్లగా.

మధ్యాహ్నానికి పడవలొచ్చాయి. చేపలెండేసే దిబ్బ మీద ఆడవాళ్లంతా చేరారు, మగవాళ్లు వెనక నిలబడ్డారు. రోజారమణి ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, వాళ్ల పేజీ వాళ్లకే చెవిలో చదివింది. చెంచులక్ష్మి, "ఆ తాగుడు మాట కొట్టెయ్యి, మిగతాది ఇచ్చెయ్" అంది. ఫ్లోరా, "అదే ముందు రాయి" అంది. ఎవరు సరే అంటే వాళ్ల అంకెనే ఉషారాణి ట్యాబులో కొట్టింది.

"నేనప్పుడే చెప్పేసినా గదా ఏయ్..." అని మాల్యాద్రి మొదలుపెట్టాడు.

"నీకొచ్చిన నిధుల్లో మా వాటా యాడ?" అని ఫ్లోరా కూడా అందుకుంది.

రోజారమణి అందరికీ వినపడేలా గొంతెత్తింది. "ఇనుకోండి. మా అత్త ఇన్నది ఏయ్, డాక్టరమ్మ అన్నది ఏఐ. ఏఐ అంటే కంప్యూటరు. మన పుస్తకాలు చదివి మన జబ్బులు ముందే పసిగడుతుందంట. నిధులు దానికి. ఏయ్ అంటే నేను. నాకు పైసా రాలేదు గానీ, పేరొకటి ఉండాది. మా ఆయనకి గుర్తు లేకపోతే కార్డులో చూసుకోమనండి."

దిబ్బంతా నవ్వింది. మాల్యాద్రి తల గోక్కుని, "రోజారమణీ" అన్నాడు, కొత్త వల విప్పుతున్నంత జాగ్రత్తగా.

ఇక మిగిలింది పెంచలమ్మ. కోడలు ఆమె పేజీ చదివి, "అత్తా, ఇయ్యమంటావా?" అంది.

"వద్దు" అంది ముసలమ్మ.

"అదేందత్తా! నీ పేజీలో దాచాల్సిందేముండాది?"

"ఏం లేదు. డెబ్బై ఏళ్లకి నన్నొకరు అడిగినారు. వద్దంటే ఆగుద్దో లేదో చూడబళ్లా?"

రోజారమణి ఆ పేజీ మడిచి అత్త చేతిలో పెట్టింది. పెంచలమ్మ దాన్ని నడుముకు దోపుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఇంకా రెండు రోజులుండాయి గదా. రేపొచ్చి మళ్లీ అడుగు."