మా ఇంట్లో తప్పు నడిచిన ఒకే ఒక్క గడియారం

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ముందుగది షాపు, వెనకగదులు సంసారం. షాపు గోడల మీద ఇరవై మూడు గడియారాలున్నాయి. వాటిలో ఏ ఒక్కటి అర నిమిషం వెనకబడినా ఈయనకి ముద్ద దిగదు. అలాంటి మనిషి ఇంట్లో టైము తప్పడం వల్ల నా కాలేజీ సీటు గల్లంతవబోయిందంటే ఎవరైనా నమ్ముతారా?

పద్నాలుగేళ్ళ కింద నర్సింగ్ మొదటి ఏడాదిలోనే చదువు మానేశాను. పెళ్ళి, పిల్లలు, ఏళ్ళు దొర్లిపోయాయి. ముప్పై నాలుగేళ్ళకి మళ్ళీ అప్లై చేస్తే సీటొచ్చింది. ఆదివారం సాయంత్రం ఐదింటిలోపు కాలేజీ వెబ్‌సైట్లో ఖాయం చేసుకోవాలి, లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు. వెళ్ళనా వద్దా అని వారం రోజులు మీనమేషాలు లెక్కపెట్టింది నేనే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

ఆదివారం నాలుగింటికి షాపులో ఉన్న పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాలేజీ పేజీకి బదులు ఎర్ర త్రికోణం వచ్చింది. ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు. మీ వివరాలు ఎవరైనా దొంగిలించవచ్చు.’ ఆపి మళ్ళీ వేశాను, అదే త్రికోణం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఇద్దరి ఫోన్లూ మాట్లాడుకోడానికి తప్ప దేనికీ పనికిరావు. వీధి చివర ఇంటర్నెట్ సెంటర్‌కి ఆదివారం సెలవు.

మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. ఓ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పని ఆవిడది.

"కింద ‘అయినా ముందుకు వెళ్ళు’ అని ఉంది, నొక్కేస్తున్నా," అన్నాను.

"ఆగు వదినా! నీ పాస్‌వర్డు, సర్టిఫికెట్లు పెట్టే చోట అలా కళ్ళు మూసుకుని దూరకూడదు. ఒక్క కాలేజీదేనా, మిగతా సైట్లూ అంతేనా?"

వార్తల సైటు చూశాను, వాతావరణం సైటు చూశాను. అన్నిటికీ అదే త్రికోణం.

"అయితే తప్పు వాళ్ళది కాదు, మీ కంప్యూటర్‌దే. కింద కుడి మూల టైమెంతుందో చూడు."

నాకు ఒళ్ళు మండింది. "గడియారాల షాపులో కూర్చుంటే టైము అడుగుతావేంటమ్మా!"

"గోడ మీద కాదు వదినా, తెర మీద."

చూసి నోరు వెళ్ళబెట్టాను. పద్నాలుగేళ్ళ కిందటి జనవరి ఒకటో తేదీ. అప్పటికి నేనింకా కాలేజీలోనే ఉన్నాను.

ఆడపడుచు నవ్వేసింది. "ప్రతి సైటూ ఒక గుర్తింపు పత్రం చూపిస్తుంది. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని దాని మీద ఉంటుంది. మీ కంప్యూటర్ లెక్కలో ఆ రోజు ఇంకా రాలేదు, అందుకే ఎవర్నీ నమ్మట్లేదు. తేదీ దిద్దు, సరిపోతుంది."

దిద్దాను. త్రికోణం మాయమై కాలేజీ పేజీ వచ్చింది. "నెత్తిన పాలు పోశావు తల్లీ," అన్నాను.

"టైము దానంతటదే సరిచేసుకోవాలే, ఎవరు ఆపారు? టైము గుర్తుంచుకునే లోపలి సెల్ కూడా అయిపోయినట్టుంది. అన్నయ్యని అడుగు."

వాళ్ళన్నయ్య నా వెనకాలే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "టైము ఆటోమేటిక్‌గా పెట్టుకోవడం నేనే ఆపేశా. నా షాపులో టైము ఎవడో చెప్పేదేంటని... సెల్ కూడా నేనే తీశా. శుక్రవారం ఒకావిడ వాళ్ళ నాన్న షుగర్ చూసుకునే మిషన్ పట్టుకొచ్చింది, సెల్ అయిపోయింది. నా దగ్గర ఆ సైజు లేదు. కంప్యూటర్ ఎటూ కరెంటుతో నడిచేదే కదా అని..."

తిట్టడానికి తీరికెక్కడిది? ఫారం నింపుతున్నాను. ఈయనకి మాత్రం తప్పు దిద్దుకునేదాకా నిలకడ లేదు. వంటింటి తూకం మిషన్‌లోంచి సెల్ ఊడదీసి తెచ్చి, కంప్యూటర్లో పెట్టేద్దామని బల్ల కింద దూరాడు. మోచెయ్యి తగిలి ప్లగ్గు ఊడింది. తెర నల్లబడింది.

టైము నాలుగూ నలభై ఆరు. ఇరవై మూడు గడియారాలూ అదే చెబుతున్నాయి.

"మీరు బయటికి నడవండి," అన్నాను. అరవలేదు, అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టినట్టుంది.

ముసలి కంప్యూటర్ మూలుగుతూ లేచేసరికి ఐదు నిమిషాలు. మళ్ళీ ఎర్ర త్రికోణం, మళ్ళీ అదే జనవరి ఒకటి. ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు. తేదీ నేనే దిద్దాను, నిమిషం గోడ మీద చూసి పెట్టాను. ఫారం మొదట్నుంచీ నింపాను. నాలుగూ యాభై ఎనిమిదికి పంపేశాను. ‘మీ సీటు ఖాయమైంది’ అని వచ్చింది, పక్కన ఈ రోజు తేదీతో.

ఐదు కొట్టాయి. గంటలున్నవన్నీ ఒకేసారి మోగాయి. ఆ మోతలో నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పద్నాలుగేళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఈయన గుమ్మంలోంచి తొంగిచూసి, నా మొహం చూసి ధైర్యం తెచ్చుకుని లోపలికొచ్చాడు. మౌస్ అందుకుని టైము సెట్టింగులోకి వెళ్ళి ఆటోమేటిక్ అన్నచోట తనే నొక్కాడు. తర్వాత అల్మారాలోంచి తన సొంత అలారం గడియారం తీశాడు. పెళ్ళయ్యాక ఒక్కసారైనా నన్ను ముట్టుకోనివ్వని గడియారం.

"క్లాసు ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి."

ఐదున్నరకి పెట్టి నా చేతికిచ్చాడు. "నువ్వు ఆరింటికి లే. ఐదున్నర నాకు. వంట నేను చేస్తా."