ఈశాన్య మూలన ఉత్తరేణి

'బురద మేష్టారు' అని ఏ తరగతి పిల్లలు పేరు పెట్టారో గానీ, ఆయన పంట్లాలు ఉతికే మనిషి పెట్టి ఉంటే అది అంత మర్యాదగా ఉండేది కాదు. ఆ మనిషి ఆయన అక్క. తమ్ముడికి ఏడేళ్ళప్పుడు తల్లి పోతే, పదిహేడేళ్ళ అక్క తల్లయింది. ఇప్పుడు తమ్ముడికి నలభై ఎనిమిది. అయినా పక్క వీధికి వెళ్ళొస్తానంటే చాలు, గొడుగూ మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టి గుమ్మంలో నిలబడుతుంది.

ఆ రోజుల్లో జీవశాస్త్రం అంటే గాజు సీసాలో తేలే కప్ప. కాలేజీలో మిగతా మేష్టార్లు చచ్చినవాటిని కోసి పాఠం చెబుతుంటే, ఈయన ప్రతి శనివారం పిల్లల్ని ఊరి చివర మడుగుకు తోలుకుపోయి బతికున్నవాటి ముందు కూర్చోబెట్టేవాడు. ఎవరి పక్కన ఎవరు బతుకుతున్నారో, ఎవరొస్తే ఎవరు పోతున్నారో చూడమనేవాడు. ఇది చదువా, ఇరుగుపొరుగు మీద చాడీలా అని ప్రిన్సిపాలు అడిగితే, రెంటికీ పెద్ద తేడా లేదన్నాడట.

మడుగు గట్టున నాలుగు మేకులు కొట్టి చుట్టూ తాడు కట్టాడు. మంచం పట్టేంత నేల. అందులో మొలిచిన ప్రతి మొక్కనూ పద్నాలుగేళ్ళుగా వారం వారం లెక్కపెట్టి రాసుకున్నాడు. చివరికి తేలిందేమిటంటే, ఎండునేలలో పెరిగే ఉత్తరేణి ఏడాదికేడాది నీటివైపు జరుగుతోంది. మడుగు చాపకింద నీరులా ఎండిపోతోందక్కా అన్నాడు. ఎండిపోయేదానికి ఆ సామెత కుదరదని అక్క దిద్దింది.

ఈ సంగతి ఉత్తరంలో చదివి, పెద్ద విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు శనివారం వస్తున్నాడు. చూసి సరేనంటే తమ్ముడికి అక్కడ ఉద్యోగం. రెండు రోజుల రైలు ప్రయాణం, ఒంటరిగది బస. అక్కకు సంతోషం లేకపోలేదు. మనసులో ఒక మూల ఉంది. మిగతా మూడు మూలలా దిగులే. ఆ ఇంటి గుమ్మంలోంచి పెట్టె పట్టుకుని వెళ్ళినవాళ్ళలో తండ్రి తిరిగి రాలేదు, భర్త తిరిగి రాలేదు. రైలు కూత వింటే ఇప్పటికీ ఆమె చేతిలో పని వదిలి గుమ్మంలోకి వస్తుంది.

అక్క బడి మొహం చూడలేదు. తమ్ముడి పుస్తకాలు పట్టుకునే చదవడం నేర్చింది, రాత అతనికంటే గుండ్రంగా వచ్చింది. అతనిది కోడి కెలికిన రాత కాబట్టి, ప్రొఫెసరు కోసం ఆ లెక్కలన్నీ ఆమే తిరగరాస్తోంది. బుధవారం మధ్యాహ్నం రాస్తూ రాస్తూ ఆగింది. కొత్త ఉత్తరేణి మొలక అన్నప్పుడల్లా పక్కన 'ఈశాన్య మూల' అనే ఉంది. భోజనం చేస్తున్న తమ్ముణ్ణి అడిగింది. ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది నీటివైపున్న ఆ మూలేగా, అందుకే అక్కడివి బాగా కనిపిస్తాయని చెప్పి మజ్జిగ పోసుకున్నాడు.

ఆమె ఇంకా వెనక్కి తిప్పింది. కాలు విరిగి అతను ఎనిమిది నెలలు ఇంట్లో పడుకున్న ఏడు, పిల్లలే వెళ్ళి లెక్కపెట్టారు. ఆ ఏడు కొత్త మొలక ఒక్కటీ లేదు. పక్కన 'వానలు లేకనా?' అని తమ్ముడి రాత.

అక్క పెరట్లోకి వెళ్ళింది. బట్టలారేసే తాడు తెగి ఎన్నేళ్ళయిందో. కొత్తది తెమ్మంటే తమ్ముడు తెచ్చేవాడు, తెచ్చిన తాడు మడుగు దగ్గర మేకులకు చుట్టుకుపోయేది. అడిగి అడిగి విసిగి, ఆమె పంట్లాన్ని గోడవార పొదమీదే ఆరేస్తోంది. ఆ పొద ఉత్తరేణి. పైన అంటుకున్న గింజలు ఆమె దులిపేది గానీ, కాళ్ళ అంచు మడతల్లో ఎవరు చూస్తారు? బురదలో దిగేముందు పీటమీద కూర్చుని ఆ మడతలు విప్పి దులిపేది తమ్ముడే. విప్పి చూసింది. ఒక్క కాలికే పదిహేడు గింజలు.

రెండు రోజులు దొంగకు తేలు కుట్టినట్టు తిరిగింది. చెబితే ఉద్యోగం పోతుంది, తమ్ముడు ఉండిపోతాడు. అదే ఆమె భయం. నోట్లోకి వస్తున్నది నిజమో, తన స్వార్థమో ఆమెకే తెలియలేదు. శుక్రవారం సాయంత్రం గింజలు సాసర్లో పోసి అతని ముందు పెట్టింది.

"ఇదేంటక్కా?"

"నీ పరిశోధన. ఎడమ కాలుది. కుడి కాలు ఇంకా విప్పలేదు."

అతను సాసరు చూశాడు, నోటుపుస్తకం చూశాడు, పెరట్లోకెళ్ళి పొద ముందు గొంతుక్కూర్చుని చాలాసేపటికి వచ్చాడు.

"పద్నాలుగేళ్ళు నన్ను నేనే లెక్కపెట్టుకున్నానా?"

"అంతా నువ్వే అనుకోకు. ఆరేసింది నేను. సగం నాది."

అతను నవ్వడం మొదలెట్టి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ నీళ్ళు ఏ రకానివో అక్క తేల్చుకోలేకపోయింది. నువ్వు వెళ్ళకూడదనే ఇది వెతికానేమోరా అని ఉన్నమాట చెప్పేసింది. నువ్వు ఎందుకు వెతికినా గింజలు గింజలేగా అన్నాడతను.

మర్నాడు మడుగు గట్టున, ప్రొఫెసరు గొడుగు ముడవకముందే తమ్ముడు అంతా చెప్పేశాడు. మడుగు నిజంగానే ఎండుతోందేమో కూడా, కానీ అందులో నీటి పాలెంతో తన కాళ్ళ పాలెంతో ఇక విడదీయలేనన్నాడు. ప్రొఫెసరు వంగి తన పంట్లాం మడతలు విప్పుకున్నాడు. మేష్టారింటి పెరట్లో టీ తాగి వచ్చిన పుణ్యానికి ఆయనకూ రెండు దొరికాయి. తన కాళ్ళను కూడా లెక్కలో వేసుకునే మేష్టారే మా పిల్లలకు కావాలి, వచ్చే నెల చేరండి అన్నాడు.

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలి, ఈ నేలను వదిలి రాలేనన్నాడు.

ఫ్లాస్కు పట్టుకుని వెనక నిలబడిన అక్క ఆ మాట విన్నది. రెండు రోజులుగా లోలోపల కోరుకున్నది కాళ్ళ దగ్గరికొచ్చి పడింది. నోరు మూసుకుంటే చాలు. కానీ పద్నాలుగేళ్ళ లెక్కలు తిరగరాసిన చెయ్యి కదా, ఆ మనిషికి నోరు మూసుకోవడం చేతకాలేదు.

"ఒకటి నుంచి మొదలెట్టాలంటే ముందు నీ కాళ్ళు ఇక్కడ ఉండకూడదు కదరా. నువ్వు లేనప్పుడు ఇది ఏం చేస్తుందో చూడాలి."

తమ్ముడు తను కూర్చునే మూలకేసి చూశాడు.

"మరి చూసేదెవరు?"

"చూడ్డానికి పంట్లామెందుకు? తాడు బయట నిలబడి నేను చూస్తాను."

మాట బయటికి వచ్చాక గానీ, తన నోటితో తనే తమ్ముణ్ణి రైలెక్కించానని ఆమెకు అర్థం కాలేదు. ప్రొఫెసరు గడ్డం నిమురుకుంటూ అవునవునన్నాడు. తమ్ముడు గబగబా చెప్పుకుపోతున్నాడు, ఏ వైపు నుంచి మొదలెట్టాలో, తేదీ ఎక్కడ వెయ్యాలో. అవన్నీ రాసిపెట్టింది నేనేరా అని అతన్ని ఆపి, ఆమె తాడు దగ్గర వంగి లెక్క మొదలెట్టింది. ఆరు దగ్గర చూపు మసకేసింది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ ఆరే. మూడోసారీ తప్పేసరికి తమ్ముడు సాయం చేద్దామని తాడు దాటబోయాడు.

అక్క తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.