మోచేతి సున్నం

మిరప కల్లాల ఊళ్లో ఎర్రబడిన కనురెప్పల్ని ఎవరు పట్టించుకుంటారు? హేమశ్రీ రెప్పలు కమిలినట్టయినా, వేళ్ల కణుపుల మీద ఎర్రటి మచ్చలు లేచినా, ఘాటు తగిలిందనుకుని వాళ్లమ్మ అంకమ్మ మజ్జిగతో కడిగింది. పదేళ్ల పిల్ల అరుగెక్కడానికి గోడ పట్టుకుంటుంటే, జడ వేసుకోవడానికి చేతులెత్తలేనంటుంటే, ఒళ్లు వంచడం రాదని తిట్టింది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఊరంతా వినేలా అంది. పొద్దస్తమానం కాయలేరి వచ్చిన మనిషికి ఓపిక ఎక్కడిది?

తర్వాత కుడి మోచేతి దగ్గర చర్మం కింద రాయిలాంటి గడ్డ తేలింది. సెగగడ్డకు ఊళ్లో అందరూ చేసే వైద్యమే అంకమ్మా చేసింది. సున్నం, పసుపు కలిపి పట్టించింది. కొన్నాళ్లకు గడ్డ పగిలి తెల్లటి ముద్ద కారింది. తను పెట్టిన సున్నమే బయటికొస్తోందనుకుని తుడిచి, మళ్లీ సున్నమే పెట్టింది. పిల్ల చెయ్యి చాపడం మానేశాక గానీ గుంటూరు బస్సెక్కలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. ఎముక పక్కన, ఎముకంత తెల్లగా, ఉండలు ఉండలుగా ఏదో ఉంది.

“నేను పెట్టిన సున్నమే లోపలికి దిగిపోయిందాండీ?” అంది అంకమ్మ.

“నువ్వు పెట్టింది కాదమ్మా. ఒంట్లోని కాల్షియమే చర్మం కింద పేరుకుంది. అసలు జబ్బు కండరాలదీ, చర్మానిదీ. రక్తపరీక్షలో తేలింది. ఆ రెప్పల ఎరుపు ఎప్పట్నించి?”

“పోయినేడు కల్లాలప్పట్నించి. మిరప ఘాటనుకున్నామండి.”

డాక్టరమ్మ మందుల చీటీ రాస్తూ చెప్పింది. “మందులు వాడితే జబ్బు అదుపులోకొస్తుంది, బలం తిరిగొస్తుంది. గడ్డల్ని పిండొద్దు, ఏమీ రాయొద్దు. చేతికి రోజూ వ్యాయామం చేయించాలి. గట్టిపడింది మాత్రం కరుగుతుందని చెప్పలేను. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోవచ్చు.”

“అప్పుడే తీసుకొచ్చుంటే?”

“ఇంతదాకా వచ్చేది కాదేమో.”

అంకమ్మ గుండె చెరువైంది. బయట బల్ల మీద కూతుర్ని కూర్చోబెట్టుకుని, ఊడిపోయిన జడ మళ్లీ అల్లసాగింది.

“అమ్మా, నాకు జబ్బంటగా?”

“తగ్గిపోద్దిలే తల్లీ.”

“అది కాదు. జబ్బేగా? అయితే నాది బద్ధకం కాదుగా?”

పిల్ల మొహం వెలిగిపోతోంది. ఏడాదిగా అంకమ్మ ఆ మొహంలో అంత సంతోషం చూడలేదు. బద్ధకం కాదన్నట్టు తలూపింది.

వంగిన చేతిని ఒళ్లో పెట్టుకుని హేమశ్రీ మెల్లగా అడిగింది. “మనూరెళ్లాక అందరికీ చెప్తావా అమ్మా? తిట్టినప్పట్లా గట్టిగా చెప్పు.”