కాగితం మీద మూడు నిమిషాలు

అట్లాంటిక్ నడిమధ్యలో, సరుకు ఓడల వెంట సాగుతున్న కాపలా ఓడ పైభాగంలోని ఇరుకు గదిలో ఆల్విన్ ట్రెహార్న్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఓడ అడుగు నుంచి పింగుమంటూ శబ్దం నీళ్లలోకి వెళుతుంది. దేనికైనా తగిలితే తిరిగొస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఎదురుగా ఉన్న యంత్రం కాగితం మీద ఒక గీత గీస్తుంది. శత్రు జలాంతర్గామి జాడ వినడం, అరవడం, అంతే అతని పని. వేల్స్‌లో చర్చి పాటల బృందంలో పాడిన చెవి కదా అని ఏరి మరీ ఇక్కడ కూర్చోబెట్టారు.

మొన్న ఆ చెవే అతని పరువు తీసింది. జలాంతర్గామి అని అరిస్తే పది నీటి బాంబులు వేశారు. పైకి తేలినవి కాడ్ చేపలు.

"ఏమోయ్ జాలరీ, ఈ పూట ఏం పట్టావ్?" టీ అందిస్తూ అడిగాడు వంటవాడు బౌడెన్. "ముందే చెప్పు, పెనం వేడి చేస్తా."

"నువ్వు వండితే చచ్చిన చేపలు మళ్లీ చస్తాయి. పోరా!"

బౌడెన్ నవ్వుతూ వెళ్లాడు. అంతలో పింగు తిరిగొచ్చింది, సన్నగా.

ఆల్విన్ ముందుకు వంగాడు. నోరు తెరిచి మూసేశాడు. మళ్లీ చేపలైతే? కెప్టెన్‌కు మొహం ఎలా చూపించాలి? ఇంకొక్కసారి విందాం అనుకున్నాడు. మళ్లీ వచ్చింది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ మూడు నిమిషాలు గడిపేశాడు. ఉన్నట్టుండి ఆ శబ్దం శ్రుతి పెరిగింది. ఎదురొచ్చే దాని నుంచే అలా వస్తుంది.

"జలాంతర్గామి! కుడివైపు! దగ్గరకొస్తోంది!" గొంతు చించుకున్నాడు.

ఓడ మలుపు తిరుగుతుండగానే పేలుడు గదిని కుదిపేసింది.

"గోధుమల ఓడకి టార్పెడో తగిలింది! రెండు ముక్కలైపోయింది!" బయట ఎవరో అరిచారు.

కెప్టెన్ లోరిమర్ లోపలికొచ్చి కాగితం వైపు వంగాడు. మొదటి గీత మీద వేలు పెట్టాడు.

"నువ్వు అరవడానికి మూడు నిమిషాల ముందుది. వినలేదా?"

"విన్నాను సార్."

"మరి?"

"చేపలేమో అని... అందరూ నవ్వుతారని, సార్."

కెప్టెన్ కాగితం చింపి, మడిచి, కోటు జేబులో పెట్టుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండేది అనిపించింది ఆల్విన్‌కు.

"పని చూడు. అది ఇంకా కిందే ఉంది."

అతను మళ్లీ యంత్రం వైపు తిరిగాడు. హెడ్‌ఫోన్లలో పింగు కన్నా ముందు మరో చప్పుడు వినిపించింది. ఇనుము చీలుతోంది, లోపలి గోడలు ఒక్కొక్కటే పగులుతున్నాయి. గోధుమల ఓడ మునిగిపోతోంది. జలాంతర్గామిని పట్టాలంటే ఆ చప్పుడంతా వినాల్సిందే.

ఆల్విన్ హెడ్‌ఫోన్లను చెవులకు ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.